చూడలేదని చెప్పే కన్ను

“సిమ్ కార్డు వేసుకునే కెమెరా కావాలి. మా వీధికి నెట్టు వైరు రాలేదు. బొమ్మ ఏ కంపెనీ దగ్గరికీ పోకూడదు, తిన్నగా నా ఫోనుకే రావాలి. లోపల ఏ ప్రోగ్రాం రాశారో విప్పి చదువుకునే వీలుండాలి. చూడనిది చూశానని చెప్పకూడదు.”

కాకినాడ మెయిన్ రోడ్డులో పొద్దుటినుంచి కనపడిన కొట్టల్లా ఎక్కి దిగుతూ సుభాషిణి ఈ మాటలే చెబుతోంది. ఈ కొట్టు యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

“అమ్మా, తమరికి కావాల్సింది కెమెరానాండి, అల్లుడాండి?”

కొట్టులో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సుభాషిణి నవ్వలేదు.

“అల్లుడైతే కాస్త సర్దుకుంటాను. కెమెరా దగ్గర సర్దుకోను.”

“అదికాదండి. విప్పి చదువుకునే రకాలు లేకపోలేదండి, వాటికి ఇంట్లో వైఫై ఉండాలి. సిమ్ వేసేవన్నీ కంపెనీ సర్వరుకే పోతాయండి. రెండూ ఒకదాంట్లో కావాలంటే తమరే తయారుచేసుకోవాలి.” అని, ఆవిడ మొహం చూసి కాస్త తగ్గాడు. “ఎందుకండీ ఈ తిప్పలు? నిత్యదర్శి ఇస్తాను, పట్టుకెళ్ళండి. సిగ్నల్ పోయినా చూపు పోదు. ఊరంతా అదే పెట్టుకుంటోంది.”

ఆ పేరు వినగానే సుభాషిణి చెవులు వేడెక్కాయి.

“దాని సంగతి నాకు తెలుసు. దాన్ని కన్నది మా అమ్మాయే,” అని గొడుగు తీసుకుని మెట్లు దిగింది.

అయితే తమరే తయారుచేసుకోవాలన్న మాటని మాత్రం ఆవిడ బస్సులో ఇంటిదాకా మోసుకొచ్చింది.

*

సామర్లకోట దాటాక, కాలవ అవతల, వరిచేలు పూడ్చి వేసిన లేఅవుట్ మారుతీ ఎన్‌క్లేవ్. సిమెంటు రోడ్లొచ్చాయి, దీపాలొచ్చాయి, నెట్టు వైరు రాలేదు. దూరాన ఉన్న సెల్ టవరు సిగ్నలు కూడా చుట్టంలా వచ్చిపోతుంటుంది. అందుకే సుభాషిణి కూతురు ప్రణవి పనిచేసే కంపెనీ ఆ కాలనీని ప్రయోగానికి ఎంచుకుంది. గేటుకొక నిత్యదర్శి, ఉచితంగా. కాలనీ సంఘం అధ్యక్షుడు జగపతిరాజుగారు ప్రణవికి శాలువా కూడా కప్పారు.

శ్రావణంలో ఆయన అన్నగారు పోయారు. ఇంటిల్లిపాదీ తాళం వేసుకుని సొంతూరు వెళ్ళారు. దినకార్యం ఇంకా కాకముందే, ఒక ఆదివారం పొద్దున్న ఎవరో గేటు తీసుకుని లోపలికెళ్ళి, వెనక తలుపు గడియ ఊడబీకి, బీరువాలో ఉన్న రాజుగారి భార్య సుభద్రమ్మగారి నగలు పట్టుకుపోయారు. కబురు తెలిసి ఆడవాళ్ళని ఊళ్ళోనే ఉంచి రాజుగారొక్కరే వచ్చారు. తన హాల్లో పెద్ద టీవీ మీద కెమెరా బొమ్మ పెట్టి, ఎస్సైని కూర్చోబెట్టి, కాలనీనంతా పిలిచారు.

బొమ్మలో గేటు. గేటు ముందు నూకాలు, రాజుగారింట్లోనూ సుభాషిణి ఇంట్లోనూ పనిచేసే మనిషి. ఆకుపచ్చ అంచు చీర, నడుముకి దోపుకున్న కొంగు, నడుస్తుంటే కొంచెం పక్కకి వాలే ఆ నడక. గేటు తీసింది, లోపలికెళ్ళింది. కాసేపటికి సంచీతో బయటికొచ్చి, గేటు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.

“కళ్ళారా చూడండి!” అన్నారు రాజుగారు. “అన్నంపెట్టిన ఇల్లు! నోట్లోంచి మాట రాకుండా పనిచేస్తుందని మురిసిపోయాం!”

నూకాలు గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

“ఏమ్మా, అది నువ్వేనా కాదా?” అన్నాడు ఎస్సై.

“నేనేనండి,” అంది నూకాలు. వెంటనే తల అడ్డంగా ఆడించింది. “నేనేలాగుందండి, కానీ ఆ పొద్దు నేను రాలేదండి. రాజుగారు ఊరెల్లేరు. ఈ అమ్మగారు కూడా, ఒక్కిల్లు కోసం ఏం ఒత్తావులే, పడుకో అన్నారండి. పడుకున్నాను. లేచి తలంటుకున్నాను. నా బతుక్కి ఒక్క పొద్దు ఎండెక్కేదాకా పడుకున్నానండి, దానికి సాచ్చికం ఎవర్ని తేనండి?”

“అవును, నేనే రావద్దన్నాను,” అంది సుభాషిణి ముందుకొచ్చి.

ఎస్సై చాలా మర్యాదగా తల ఊపాడు. “అదేనమ్మా మేమూ అంటున్నది. రెండిళ్ళలోనూ తనకోసం ఎదురుచూసేవాళ్ళు లేరని తెలిసే వచ్చింది.”

తను ఇచ్చిన సెలవుని తీసుకెళ్ళి నూకాలు మెడకే చుట్టాడు ఈ మనిషి, అనుకుంది సుభాషిణి. ఆ బొమ్మలో ఏదో తేడా ఉందని కూడా ఆవిడకి అనిపించింది. మూత తీయకుండానే పప్పు అడుగంటిందని తెలుస్తుందే, అలాంటి అనుమానం. మళ్ళీ ఒకసారి వెయ్యమనేలోపు టీవీ కట్టేశారు. సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గుంపులో బొమ్మ వచ్చింది. అందులో గేటూ లేదు, నేలా లేదు. నూకాలు మొహం ఒక్కటే కత్తిరించి, పెద్దది చేసి, కింద ‘దొంగ’ అని రాసి పెట్టారు. దానికి దండాలు పెట్టినవాళ్ళు పెట్టారు, నిప్పులు కక్కే బొమ్మలు పెట్టినవాళ్ళు పెట్టారు.

*

ఆ రోజే ప్రణవి ఆఫీసునుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే సుభాషిణి అడిగింది.

“ఆ బొమ్మ నిజమా?”

ప్రణవి తువ్వాలు వెతుకుతున్నట్టు అటు తిరిగింది. ఆ తిరగడంతోనే తల్లికి సగం తెలిసిపోయింది.

“ప్రణవీ, నిన్నే.”

“నిజమే అమ్మా. అంటే... తొంభై పాళ్ళు.”

“పది పాళ్ళు పెరుగున్న పాలని పాలంటారా?”

ప్రణవి లాప్‌టాప్ తెరిచింది. చెప్పడంకంటే చూపించడం తేలికనుకుంది. ఆ ఆదివారం పొద్దున్న రాజుగారి గేటు కెమెరా నిజంగా పంపింది తెరమీద పెట్టింది. అందులో బొమ్మ లేదు. నాలుగే ముక్కలు: మనిషి ఒకరు. గేటు. లోపలికి. బయటికి.

“ఇంతేనా?”

“అప్పుడు సిగ్నల్ దాదాపు లేదు. బొమ్మంతా పంపడానికి చాలదు. అందుకని కెమెరా ఇలా టెలిగ్రాంలాగా పంపుతుంది. మిగతాది మా సర్వరు నింపుతుంది. నెలల తరబడి ఆ గేటుని చూసి నేర్చుకుంది కదా. పొద్దున్నే ఆ వేళకి ఆ గేటు తీసే మనిషి ఎవరంటే...”

“నూకాలు.”

“ఎక్కువసార్లు నిజమే అవుతుందమ్మా. మేం పరీక్షించాం.”

“ఎవరో ఒకరు వచ్చారని అది చెబితే, మీరు దానికి నూకాలు మొహం అతికించి, చీర కట్టి, నడక నేర్పించి, చేతికి సంచీ ఇచ్చి సినిమా తీశారు.” సుభాషిణి గొంతు పెద్దది చేయలేదు. ఆవిడకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. “ఇది గీసిన బొమ్మ అని ఎక్కడైనా రాసుందా?”

“మొదట్లో ఉండేది. గీసినంతసేపూ చుట్టూ సన్నటి పసుపు గీత వచ్చేది. సగం రోజు పసుపు గీతే కనపడుతోందని కస్టమర్లు గొడవ చేశారు. మా బాస్ నిఖిలేశ్ తీసెయ్యమన్నాడు.”

“తీసిందెవరు?”

పక్కగదిలో సుభాషిణి భర్త ప్రసాదరావు, ఓడరేవులో షిఫ్టు చేసొచ్చి, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

“నేనే,” అంది ప్రణవి.

సుభాషిణి లేచి వంటింట్లోకి వెళ్ళింది. కూతురికి అన్నం వడ్డించింది, కూర వేసింది, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. ఎదురుగా మాత్రం కూర్చోలేదు. ఆ ఇంట్లో ప్రణవి ఒంటరిగా అన్నం తినడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరూ స్టేషనుకి వెళ్ళారు. ఎస్సై ప్రణవి చెప్పిందంతా విన్నాడు. కంపెనీకి ఫోన్ చేశాడు. ‘మా బొమ్మలు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు సరైనవి’ అని అక్కణ్ణించి కాగితం వచ్చింది. “మీ అమ్మాయి మీ పనిమనిషి కోసం చెబుతోంది. కంపెనీ కంపెనీ కోసం చెబుతోంది. నేనేం చెయ్యను?” అన్నాడు. నూకాల్ని మొగుడి పూచీ మీద ఇంటికి పంపారు గానీ, రోజూ వచ్చి స్టేషను వరండాలో కూర్చోవాలన్నారు. చార్జిషీటు తయారవుతోందన్నారు.

సుభాషిణి ఎప్పుడో పిఠాపురం కాలేజీలో బీయస్సీ కెమిస్ట్రీ చదివింది. చదివినదాంట్లో చాలామటుకు పోపుల్లో కొట్టుకుపోయినా ఒకటి మాత్రం మిగిలింది. ఏ మందు వేస్తే ఏం జరిగిందో చెప్పాలంటే, పక్కనే ఆ మందు వేయని సీసా కూడా ఒకటి ఉండాలి. రెండూ పక్కపక్కన పెడితేనే తేడా పట్టుకోవచ్చు. అందుకే గొడుగేసుకుని కెమెరా కొట్లమీద పడింది.

*

“తమరే తయారుచేసుకోవాలన్నాడు,” అని ఆ సాయంత్రం కూతురితో చెప్పింది.

ప్రణవి ఏమీ అనకుండా వెతకడం మొదలుపెట్టింది. ఓపెన్ సోర్స్, అంటే విప్పి చదువుకోవచ్చు, అని ఊరించేవి చాలా ఉన్నాయి. కొన్నిటికి వైఫై కావాలి. కొన్నిటిలో పైపై ప్రోగ్రామే బయటపెట్టి, అసలుది దాచారు. ఒకటి అన్నీ బాగుండి సిమ్ తీసుకోదు. సుభాషిణి పక్కన కూర్చుని, మామిడిపండు వాసన చూసి వద్దన్నట్టు ఒక్కొక్కటే వద్దంటూ వచ్చింది. ఆఖరికి పార్వతీపురం వైపు ఏనుగుల బెడదకోసం కొందరు కుర్రకారు, ఒక లెక్చరరు కలిసి చేసుకున్నది దొరికింది. సిమ్ మీద నడుస్తుంది. ఏ వస్తువులు కొనాలో, ఎలా అతకాలో, లోపలి ప్రోగ్రాం ప్రతి ముక్కా అందరికీ తెరిచి పెట్టారు.

“చదువు,” అంది సుభాషిణి.

“నీకర్థం కాదమ్మా.”

“వంటలో ఏం వేశారో చెబితే, వండే విధానం నాకెందుకు? చదువు.”

ప్రణవి ఒక్కొక్క వరుసా చదివి తెలుగులో చెప్పింది. బొమ్మ తీసుకో. సిగ్నల్ ఉంటే పంపు. లేకపోతే నీ దగ్గరున్న కార్డులో దాచుకో. చూపించాల్సిన చోట నల్లగా ఉంచి, ‘ఇప్పుడు నేను చూపించలేను’ అని రాయి. లెన్సుకి అడ్డం వచ్చినా, చీకటైనా ‘నేను చూడలేదు’ అని రాయి. అక్కడ ప్రోగ్రాం మధ్యలో, మిషనుకి కాకుండా మనుషులకి రాసిన మాట ఒకటి తెలుగులోనే ఉంది. ‘ఈ వరుస ఎవరూ మార్చకండి. మొదట మేం కూడా బొమ్మని నింపేవాళ్ళం. దారి ఖాళీగా ఉందని బొమ్మలో చూసుకుని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు.’

ప్రణవి చదవడం ఆపేసింది. సుభాషిణి ఆ సాయంత్రం మొదటిసారి కూతురి వీపు మీద చెయ్యి వేసింది.

కాకినాడలో టైర్ల కొట్టు మీద మేడగది ప్రణవి వాళ్ళ ల్యాబ్. సెలవురోజున తల్లీకూతుళ్ళు ఇద్దరే అక్కడ కూర్చుని ఆ కెమెరాని అతికారు. గోడనిండా నిత్యదర్శి తెరలు వెలుగుతున్నాయి. ఎవరివో ఇళ్ళు, ఎవరివో గేట్లు. ఒక గేటు ముందు ముసలాయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. ఆ ముసలాయన నిజంగా ఉన్నాడో, సిగ్నల్ లేని పూట గీసిన బొమ్మో చెప్పే గీత లేదు. సుభాషిణి కారేజీలో తెచ్చిన పులిహోర పక్కకి జరిపింది. టీపొడి డబ్బా అంత ఉన్న కొత్త కెమెరాకి సిమ్ వేసి, మొదటి బొమ్మ తీస్తే అందులో చిరుబురులాడుతున్న తన మొహమే వచ్చింది.

“ఇది నిజమే,” అంది ప్రణవి, చాలారోజుల తర్వాత నవ్వి.

*

ప్రయోగం తమ గేటు దగ్గరే పెట్టుకున్నారు. ఒకే స్తంభం మీద నిత్యదర్శి, దాని కిందే ఏనుగుల కెమెరా. రెండిటికీ సిమ్ ఉన్న డబ్బా విడిగా వైరుతో వేలాడుతుంది. సిగ్నల్ పోవడానికి టవరు దయకోసం ఎదురుచూడక్కర్లేదని సుభాషిణి బియ్యం డ్రమ్ము బయటికి దొర్లించుకొచ్చింది. మూత బిగిస్తే చీమ దూరని స్టీలు డ్రమ్ము. వైరు వెళ్ళేంత సందు వదిలి, రెండు డబ్బాలూ బియ్యంలో గుచ్చి మూత పెట్టింది. ఫోనులో ఆ డబ్బాల సిగ్నల్ కడ్డీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆ సందులోంచి నాలుగు ముక్కలు పోవడానికి మాత్రం దారి మిగిలింది.

నూకాలు రోజూ వచ్చే వేళ. ఆ పొద్దున్న సుభాషిణి వాకిలి ఊడవలేదు, నీళ్ళు చల్లలేదు. పడుకున్న చీరతోనే వచ్చి గేటు ముందు నిలబడింది. చేతులు కట్టుకుని కెమెరా వైపు చూసింది.

“ఏముందక్కడ?”

ప్రణవి అరుగు మీద రెండు ఫోన్లు పట్టుకుని కూర్చుంది.

“ఏమే, నిన్నే!”

“నువ్వే వచ్చి చూడు.”

ఒక ఫోను నల్లగా ఉంది. మధ్యలో, ‘ఇప్పుడు నేను చూపించలేను.’ రెండో ఫోనులో నిత్యదర్శి చూపిస్తోంది. తళతళలాడే పొద్దు. కడిగిన వాకిలి. దానిమీద తెల్లగా చుక్కల ముగ్గు. గేటు దగ్గర, ఇందాక సుభాషిణి చేతులు కట్టుకుని నిలబడ్డచోట, ఆకుపచ్చ అంచు చీరలో నూకాలు వంగి చీపురుతో ఊడుస్తోంది.

ఆ సమయానికి నూకాలు స్టేషను వరండాలో కూర్చుని ఉంది.

సుభాషిణికి ఒళ్ళు మండింది. తను నిటారుగా నిలబడితే ఈ మాయదారి యంత్రం తనని వంచింది. ఆ చోట, ఆ వేళ, ఆడమనిషి ఉంటే అది వంగే ఉంటుందని దానికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. రోజూ చూసి నేర్చుకుంది. రోజూ వంగిందెవరో, వంగదీసిందెవరో దానికి బాగా తెలుసు.

ఇంకోసారి చూసింది. అప్పుడు ఆవిడ కళ్ళు మనిషిని వదిలి నేలమీద పడ్డాయి.

“ముగ్గు,” అంది.

“ఏంటి?”

“ఇవాళ నేను ముగ్గెయ్యలేదు. దీంట్లో ముగ్గుంది. ప్రణవీ, రాజుగారి గేటు బొమ్మ తియ్యి. కత్తిరించింది కాదు, పూర్తిది.”

ప్రణవి తీసింది. గేటు తీస్తున్న నూకాలు కాళ్ళ కింద, రాజుగారి వాకిట్లో, నాలుగు మూలలా పద్మాలతో నిండైన ముగ్గు.

సుభాషిణి తెరమీది ముగ్గు మీద వేలు పెట్టింది. రాజుగారు, ఎస్సై, కాలనీలో ఇంతమంది మగాళ్ళు, తనతో సహా ఆడవాళ్ళు, అందరూ మనిషిని చూశారు. ఒక్కరూ నేల చూడలేదు.

*

దినకార్యం అయి సుభద్రమ్మగారు ఊరినుంచి వచ్చారు. అందరూ మళ్ళీ రాజుగారి హాల్లో చేరారు. ఎస్సై వచ్చాడు. నిఖిలేశ్ కూడా కారేసుకుని పూతరేకుల పెట్టెతో వచ్చాడు. నూకాలు ఈసారి కూడా గుమ్మం బయటే ఉంది. “లోపలికి రా,” అని సుభాషిణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రాజుగారు మొహం చిట్లించినా ఏమీ అనలేదు.

ముందు ప్రణవి రెండు కెమెరాల బొమ్మలూ పక్కపక్కన వేసి చూపించింది. రాజుగారు కొట్టిపారేశారు.

“అది మీ గేటు, అమ్మాయీ. డ్రమ్ములో పెట్టి, మూతలు బిగించి, నానా గారడీ చేశారు. నా గేటు దగ్గర అలా జరిగిందని రుజువేంటి?”

“అది వదినగారు చెబుతారు,” అంది సుభాషిణి. పెద్ద టీవీ మీద బొమ్మని ఆపింది. “వదినా, నూకాల్ని చూడకండి. నేల చూడండి.”

సుభద్రమ్మగారు కళ్ళు చికిలించి చూశారు. చూసి, చెంపలు వేసుకున్నారు.

“అయ్యో, రామ రామ! మైలలో నా వాకిట్లో ముగ్గేంటి?”

“ముగ్గుంటే ఏంటంట?” అన్నారు రాజుగారు.

“ఏంటంటారేంటండీ? మీ అన్నగారు పోయి ఇంకా పదోరోజు కాలేదు! చావింటి ముందు ముగ్గేస్తారా ఎక్కడైనా? వెళ్ళేముందు నేనే పాతముగ్గు కూడా తుడిపించేసి వెళ్ళాను. నూకాలే తుడిచింది. ఇది ఆరోజు బొమ్మ కాదు. కానే కాదు!”

ఎస్సై టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు బోసిగా ఉన్న వాకిలి ఆయనకీ గుర్తొచ్చి ఉంటుంది.

“రాజుగారూ, ఇది నిలవదండి. ఈవిడ పేరు తీసేస్తున్నాను,” అని లేచాడు. నూకాలు వైపు చూడకుండానే, “రేపట్నించి రానక్కర్లేదమ్మా,” అన్నాడు.

“మరి నా నగలు?” అన్నారు రాజుగారు.

“ఎవరో ఒకరు, గేటు, లోపలికి, బయటికి,” అంది సుభాషిణి. “మీ కెమెరా చూసింది అంతే. ఆ ఎవరో ఒకర్ని వెతకాల్సిన రోజులన్నీ ఈవిణ్ణి వరండాలో కూర్చోబెట్టడానికి సరిపోయాయి.”

అప్పుడు నిఖిలేశ్ ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కోపం గానీ సిగ్గు గానీ లేదు. నిజంగానే సంతోషించాడు.

“ఆంటీ, మీకు చాలా థాంక్స్. మా టీమంతా కలిసి పట్టుకోలేని లోపం మీరు పట్టుకున్నారు. వచ్చే అప్‌డేట్‌లో ఇది సరిచేసేస్తాం. చావులు, మైల, పండగలు, అన్నీ సర్వరుకి నేర్పిస్తాం. ఇంకెప్పుడూ ఇలా ముగ్గు పడదు.”

“అంటే, ఈసారి ముగ్గు లేకుండా గీస్తుంది,” అంది సుభాషిణి.

“ఎగ్జాక్ట్‌లీ ఆంటీ.”

“నూకాల్ని మాత్రం గీస్తుంది.”

నిఖిలేశ్ నవ్వు సగంలో ఆగింది.

“బాబూ, దొంగసాక్ష్యం చెప్పినవాడు ఒకచోట తడబడ్డాడని పట్టుకుంటే, వాడికి శిక్ష వెయ్యకుండా ఇంకోసారి తడబడకుండా పాఠం చెబుతానంటున్నావు. నేను పట్టుకున్నది నీకు అక్కరకొచ్చింది. ఈసారి ఏ ఆడదాని తరఫునా పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఆ పెట్టె తీసుకెళ్ళు. మా ఇంట్లో నీ పూతరేకులు ఎవరూ తినరు.”

“మీ ఇంట్లోకి కాదులెండి, మా ఇంట్లోకి తెచ్చాడు,” అని రాజుగారు పెట్టె అందుకున్నారు.

*

నూకాలు పేరు కేసులోంచి పోయింది. వాట్సాప్ గుంపులో మొహం పోలేదు. తప్పయిందని ఒక్కరూ రాయలేదు. ‘పోనీలెండి, ఏదో పొరపాటు’ అని ఒకాయన రాస్తే, దానికీ దండాలు పెట్టారు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నూకాలు సుభాషిణి ఇంటికి వచ్చింది. పనికి కాదు. అరుగు మీద కూర్చోమంటే కూర్చుంది, కాఫీ ఇస్తే తాగింది. స్తంభం మీది కొత్త కెమెరాని తలెత్తి చూసింది.

“ఇదేనాండి? దీనికి తెలీకపోతే తెలీదని చెప్పేత్తదంట కదండీ?”

“చెప్పేస్తుంది.”

“అయితే రాజుగారి కంటే నయవండి.”

సుభాషిణికి నవ్వొచ్చింది. నూకాలు నవ్వలేదు.

“అమ్మగారూ, నేనింక ఈ కాలనీలో పని చెయ్యనండి. కాలవ దాటి ఊళ్ళో చూసుకున్నాను. మీమీద కోపం లేదు. కానీ ఒక్క మాటడగాలని ఒచ్చేను.” ప్రణవి వైపు తిరిగింది. “పాపగారూ, నేను రాకపోయినా సిగ్నల్ లేనప్పుడల్లా అందులో నేను ఊడుత్తానే ఉంటానంట కదండీ? రాజుగారి గేటు దగ్గర, మీ గేటు దగ్గర, రోజూ. జీతం లేదు, నాగా లేదు. ఒంట్లో బాగోకపోయినా వంగాలి. నన్ను అందులోంచి తీసెయ్యండి.”

ప్రణవి తల దించుకుంది. “అది నేర్చుకున్న దాంట్లో నువ్వొక్కదానివి విడిగా ఉండవు నూకాలూ. ఉప్పులాగా అంతటా కలిసిపోయుంటావు. నిన్ను తియ్యాలంటే ఈ కాలనీ గురించి అది నేర్చుకున్నదంతా చెరిపెయ్యాలి.”

“చెరిపెయ్యలేరాండి?”

“చెయ్యగలను. ప్రయోగం నా పేరుమీదే ఉంది, తాళం నా దగ్గరే. ఒకసారి చెరిపితే మళ్ళీ రాదు. నన్ను ఆ కంపెనీలో ఉంచరు.”

నూకాలు ఖాళీ గ్లాసు కడిగిపెట్టబోయి, ఆగి, అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

సుభాషిణి కూతురికి సలహా చెప్పలేదు. గ్లాసు తీసి తనే కడిగింది. వంటింట్లోకి వినిపిస్తోంది. ప్రణవి లాప్‌టాప్ తెరిచిన చప్పుడు, ఆ తర్వాత మీటల టకటక. అది ఆగాక ప్రణవి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

“చెరిపేశాను. నల్లగా వచ్చినప్పుడు చూపించే మాట కూడా ఏనుగులవాళ్ళదే పెట్టాను. అమ్మా, ఆకలేస్తోంది.”

సుభాషిణి రెండు కంచాలు పెట్టింది.

మర్నాడు పొద్దున్న మబ్బు పట్టింది. టవరు ఎప్పటిలాగే చేతులెత్తేసింది. సుభాషిణి చీపురు తీసుకుని తన వాకిలి తనే ఊడ్చుకుంటుంటే, ఎదురు మేడమీది బాల్కనీలో గావుకేక వినిపించింది. జగపతిరాజుగారు లుంగీ ఎగ్గట్టి, ఫోనుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చెయ్యి చాచి ఊపుతున్నారు.

“ఏమైంది నా గేటు? అంతా నల్లగా ఉంది! చూపించలేనంటోంది! ప్రణవీ! నా గేటేదీ? నా గేటు కనపడట్లేదు!”

సుభాషిణి నడుం నిటారుగా చేసి నిలబడింది.

“ఫోను దించి చూడండి రాజుగారూ,” అంది. “ఎదురుగానే ఉంది.”

ఆయన ఫోను దించారు. గేటు అక్కడే ఉంది. దానిముందు నిన్నటి ఎండుటాకులు అలాగే ఉన్నాయి. నీళ్ళు లేవు, ముగ్గు లేదు, ఎవరూ లేరు.